ప్రదర్శనశాలలందు నేటికాలపు నగలు

పాత నగ కంసాలి యింటికి పోవుట మన పల్లెలలో అందరు నెరిగిన సంగతియే. ఇంట పెండ్లి నిశ్చయమగును. అమ్మమ్మ మెడనుండి దిగిన కాసులపేరు, ఆమె తల్లి జడలో పెట్టుకొనిన నాగరము, జత తప్పిన కమ్మ యొకటి మూటగట్టి తీసికొనిపోవుదురు. కంసాలి గీటురాయిపై గీసి వన్నె చూచును. త్రాసులో తూచి బరువు చెప్పును. తరుగెంత, మజూరి యెంత యని మాటలగును. పిమ్మట ఆ సొమ్మును మూసలోనుంచి కుంపటిపై పెట్టును. గడియసేపటిలో నాగరపు పడగలును లేవు, కాసులమీది బొమ్మలును లేవు. ఎర్రని ముద్ద మాత్రము మిగులును. బంగారము పోలేదు, రవ్వంత తరుగు తప్ప అంతయు నున్నది. పోయినది రూపము. ఆ రూపముతోపాటు దానిని చేసిన చేతి పనితనమును, ధరించిన యిల్లాలి జ్ఞాపకమును, ఆ కాలపు అభిరుచియు పోయినవి.

ఇందు తప్పెవ్వరిదియు లేదు. మన యిండ్లలో బంగారము కరవునాటికి గాదె, ఆడుబిడ్డకు అండ, అప్పు పుట్టని రోజున ఆదరువు. అవసరమునకు కరగుటయే దాని గుణము. అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. లోహమును కాపాడుకొనుట అందరికిని తెలియును; రూపమును కాపాడువారెవరు? ఈ ప్రశ్నకు ఐరోపా, అమెరికా ఖండముల మ్యూజియములు ఒక విధమైన సమాధానమును వెదకుకొనినవి. అవి పురాతనములైన నగలను దాచుటతో తృప్తి చెందక, తమ కన్నుల యెదుట, తమ కాలపు పనివాండ్రచేత తయారైన నగలను సయితము సేకరింపసాగినవి. ఆ సేకరణలు ఎట్లు పుట్టినవి, ఎట్లు పెరిగినవి, వానివలన మనము గ్రహింపదగినదేమి యను విషయమును ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ముందుగా ఖజానాకును మ్యూజియమునకును గల భేదమును గుర్తింపవలెను. హైదరాబాదు నిజాము నగల చరిత్ర మనకు దగ్గరి యుదాహరణము. కడపటి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952 సంవత్సరములలో తన వంశపు నగలను రెండు ట్రస్టుల యధీనమున నుంచెను. ఆయన గతించిన తరువాత అవి యమ్మకమునకు వచ్చెను. వ్యాజ్యెములు చిరకాలము నడచినవి. తుదకు 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలిచ్చి, జేకబ్ వజ్రముతో కూడ 173 వస్తువులను కొని, రిజర్వు బ్యాంకు వారి భద్రపు గదులలో నుంచెను. 2001లోను, 2006లోను హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియమునందును, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియమునందును ప్రజలు వానిని చూడగలిగిరి. ఆ నగలు దేశము దాటి పోకుండుట గొప్ప మేలే. కాని ఇన్ని యేండ్ల చర్చలో ధర యెంత, రాయి బరువెంత యనునవి ముఖ్యములైనంతగా, వానిని చేసిన చేతులెవరివి యనునది ముఖ్యము కాలేదు. ఖజానా స్వభావమే యట్టిది.

ఖజానా చేతులు మారినచో రూపము నిలుచునను నమ్మకమును లేదు. ఫ్రాన్సు దేశమున రాచరికము పోయి ప్రజాప్రభుత్వము నెలకొనిన పిమ్మట, కిరీటము లేనిచోట కిరీటపు నగలెందుకని 1887లో రాజుల నగలలో అధికభాగమును వేలము వేసిరి. చరిత్రకు సంబంధించినవని కొన్నింటిని మాత్రము మ్యూజియములకు విడిచిరి. తక్కినవానిని కొనిన వర్తకులు పెక్కింటిని విడదీసి, రాళ్లను వేరుగా అమ్ముకొనిరి. మన కంసాలి కుంపటికిని, పారిసు నగరపు వేలమునకును ఈ విషయమున భేదము లేదు.

మ్యూజియములో నగ పాఠముగా నుండును. ఈ యూహ రాజుల కొలువులలో కంటె పనివాండ్ర నడుమ ఎక్కువ బలముగా పుట్టెను. జర్మనీ దేశపు నైరుతి భాగమున ఫోర్ట్స్‌హైము అను పట్టణము గలదు. 1767లో బాడెన్ సీమ ప్రభువు కార్ల్ ఫ్రీడ్రిష్ అచటి అనాథశాలలోని పిల్లలకు ఉపాధి కలుగునట్లు గడియారముల పనియు, నగల పనియు నేర్పు కార్ఖానా నొకదానిని పెట్టించెను. అనాథశాలలో మొలచిన ఆ పని క్రమముగా పట్టణమంతటను అల్లుకొని, ఆ యూరు బంగారుపనికి జర్మనీలోనెల్ల పేరు గాంచెను. 1877లో అచటివారు కళాపరిశ్రమల సంఘము నొకదానిని స్థాపించుకొనిరి. పనివాండ్రు చూచి నేర్చుకొనుటకు మాదిరి వస్తువులు కావలెను గదా! ఆ యవసరమునుండియే అచటి నగల సేకరణము మొదలయ్యెను. పూర్వుల పనిని ఎదుట బెట్టుకొని క్రొత్త పనికి పూనుకొనుట దాని యుద్దేశము.

ఈ పట్టణమునకు ఘోరమైన విపత్తు సంభవించెను. 1945 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి బ్రిటిషు విమానములు కురిపించిన బాంబులచే ఊరు నేలమట్టమయ్యెను. 17,000 మందికి పైగా మరణించిరి. అట్టి యూరివారు తిరిగి నిలువద్రొక్కుకొని, 1961లో తమ యూరి పూర్వ విద్వాంసుడు రోయిష్లిన్ పేర నొక సౌధమును కట్టించి, అందు నగల మ్యూజియమును తెరచిరి. మాన్‌ఫ్రెడ్ లెంబ్రుక్ అను శిల్పి ఆ భవనమును రూపొందించెను. అయిదువేల యేండ్ల నగల చరిత్ర అచట నొక వరుసలో కానవచ్చును. ఆ వరుస నేటి పనివాని బల్లవరకును వచ్చును. 1960వ దశాబ్దము నుండియు సమకాలపు నగల ప్రదర్శనలు పెట్టుచు, ఆ నగలను తన సేకరణలో చేర్చుకొనుచు వచ్చుట ఆ మ్యూజియపు పద్ధతి. కూలిన యూరిలో అన్నవస్త్రముల వెనుకనే నగల మ్యూజియము లేచుట మనకు వింతగా దోపవచ్చును. కాని వారికది విలాసము కాదు. వృత్తియే యూరి ప్రాణము.

అదే 1961వ సంవత్సరమున లండను నగరమున మరియొక ముఖ్యమైన కార్యము జరిగెను. లండను కంసాలుల సంఘము మిక్కిలి ప్రాచీనమైనది. దానికి రాజశాసనము 1327లో లభించెను. బంగారు వెండి వస్తువులను పరీక్షించి ముద్ర వేయుట వారి యధికారములలో నొకటి. ఆ సంఘపు మందిరమును హాలు అందురు. హాలులో వేయు మార్కు గావున దానికి హాల్‌మార్కు అని పేరు వచ్చెను. నేడు మన యంగళ్లలోని బంగారు నగలమీద, 2021 నుండి చట్టము ననుసరించి కానవచ్చు ముద్రకు ఆ మందిరమునుండి వచ్చిన పేరే నిలిచినది. వన్నెను కాపాడుట ఆరేడు శతాబ్దములుగా ఆ సంఘపు పని. పనితనమును గూడ కాపాడవలెనని ఆ సంఘమున కళాధికారిగా నుండిన గ్రేహం హ్యూస్ తలంచెను. రెండవ ప్రపంచయుద్ధకాలపు పన్నులచే, కొరతలచే ఇంగ్లండులో నగల పని చాల చిక్కిపోయియుండెను. విక్టోరియా ఆల్బర్టు మ్యూజియము వారి తోడ్పాటుతో ఆయన 1961లో అంతర్జాతీయ ప్రదర్శనము నొకదానిని జరిపెను. అందు 1890 మొదలు నాటివరకు పలు దేశములలో తయారైన నగలు వందలకొలది చేరెను. చిత్రకారులను, విగ్రహశిల్పులను గూడ పిలిచి, మైనముతో నమూనాలు చేయించి, వానిని లోహమున పోత పోయించిరి. సంఘమువారు సమకాలపు నగలను కొని దాచుకొనుటకు ఆ ప్రదర్శనము గట్టి పునాదియయ్యెను. ఒక వృత్తిసంఘము తన సభ్యుల పనిని తానే కొని భావితరములకు నిలుపుట గమనింపదగినది.

ఇంతవరకు నగ యనగా బంగారము, వెండి, రత్నము. ఆ పిమ్మట ఆ యర్థమే మారెను. 1967లో ఆంస్టర్‌డాము నగరపు స్టెడెలిక్ మ్యూజియమున ఖైస్ బాకర్, ఎమ్మీ వాన్ లేర్సుమ్ అను దంపతులు తమ నగలను చూపిరి. అవి అల్యూమినియపు రేకుతో చేసిన పెద్ద కంటెలు. కొన్ని భుజములను గూడ కప్పునంతటివి. వెలకు చూచిన వంటపాత్రపాటి చేయవు. నగ విలువ లోహమునందున్నదా, యూహయందున్నదా యని వారు లోకము నడిగిరి. బాకర్ 1973లో ఇంకను ముందునకు పోయెను. సన్నని బంగారు తీగను చేతికి బిగించి కట్టి, దానిని తీసివేసిన పిమ్మట చర్మముపై పడిన గీతయే నగ యనెను. బిగుతైన గాజు తీసిన యాడువారి ముంజేతిపై ఆ గీతను మనమందరము చూచినవారమే; దానిని నగ యనవచ్చునని మనకు తోచలేదు.

ఒటో క్యూంట్స్‌లి అను స్విట్జర్లాండు దేశీయుడు 1980లో చేసిన కంకణము మరింత ప్రసిద్ధము. దాని పేరునకు బంగారము కన్నులను కప్పునని యర్థము. చూచుటకది నల్లని రబ్బరు గొట్టముతో చేసిన కడియము. ఒకచోట మాత్రము ఉబ్బి యుండును. ఆ యుబ్బులో బంగారు గుండు ఉన్నదని చేసినవాడు చెప్పుచున్నాడు. కన్నులకు కనబడదు. చిరకాలము ధరించి, రబ్బరు అరిగినచో గాని బంగారము బయటపడదు. నమ్మి ధరింపవలెను, లేదా కోసి చూచి నగను పాడుచేసికొనవలెను. గీటురాయి కందని బంగారమిది! తన విలువను తాకట్టు పెట్టుట కెంతమాత్రమును పనికిరాని యీ కడియమును ఒకటికంటె నెక్కువ మ్యూజియములు కోరి తెచ్చుకొనినవి. రూపమును, ఊహను కాపాడుటయే మ్యూజియపు పనియైనచో, కరగించుటకేమియు లేని నగయే దానికి సరియైన సొమ్ము.

ఇట్టి సేకరణలు ఎట్లు కూడుచున్నవో యిక చూతము. మొదటి త్రోవ ప్రదర్శనముల నుండి ఏరి కొనుట. మ్యూనిక్ నగరపు చేతిపనుల సంతలో 1959లో హెర్బర్ట్ హోఫ్‌మాన్ సమకాలపు నగలకు ప్రత్యేక ప్రదర్శనమును మొదలిడెను. ఏటేట జరుగుచు వచ్చిన ఆ ప్రదర్శనమునకు పలు దేశములనుండి పనివాండ్రును, వారివెంట మ్యూజియపు అధికారులును వచ్చుట యాచారమైనది. మన పశువుల సంతలో మంచి జాతిని గుర్తించు కన్ను గల రైతువలె, పదియేండ్ల తరువాత ఏ పని నిలుచునో యూహించు కన్ను ఆ యధికారులకు కావలెను. అందు పొరపాట్లును జరుగును.

రెండవ త్రోవ ధర్మసంస్థలది. మ్యూనిక్‌లో డానర్ దంపతుల పేర 1920లో ఏర్పడిన సంస్థ బవేరియా సీమలోని చేతిపనులకు ప్రాపుగా నిలిచెను. ఆ సంస్థ కూర్చిన నేటికాలపు నగలు, మ్యూజియపు సొంత నగలతో కలిపి, 2004లో తెరచిన డానర్ మందిరమున ప్రజలకు కానవచ్చెను. నగలు సంస్థవి, నెలవు మ్యూజియముది. ఈ విధముగా శాశ్వతపు టెరవు పద్ధతిన గూడ సేకరణములు పెరుగును. డచ్చి దేశమున ఫ్రాన్స్వాజ్ వాన్ డెన్ బోష్ అను నగల శిల్పిని 1977లో చిన్నవయసుననే మరణించెను. ఆమె బంధువులు, మిత్రులు ఆమె పేర నొక సంస్థ నేర్పరచి, 1980 నుండి శ్రేష్ఠులైన శిల్పులకు బహుమానము లిచ్చుచు, బహుమానము పొందినవారి పనిని సేకరించుచు వచ్చిరి. శోకమునుండి పుట్టిన సేకరణమది.

మూడవ త్రోవ వ్యక్తుల పూనికది. దీని బలమే మిక్కిలి గొప్పది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున హెలెన్ విలియమ్స్ డ్రట్ అను విదుషి చేతిపనుల చరిత్రను బోధించుచు, 1970వ దశాబ్దమున ఒక కళావిక్రయశాలను తెరచి, శిల్పుల నగలను అమ్ముచు, తానును కూర్చుకొనెను. ఆమె కూర్చిన 700కు మించిన నగలను, శిల్పుల చిత్తులతో, పటములతో సహా 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియమువారు సంపాదించిరి. ఒక్క సంవత్సరమున ఆ మ్యూజియము ఈ విషయమున ముందువరుసకు చేరెను. బోస్టన్ మ్యూజియమునకు 2006లో డాఫ్నె ఫారగో అను నామె 600కు పైగా నగలను దానముగా నిచ్చెను. 2009లో మార్యాన్ ఉంగర్ అను చరిత్రకారిణియు, అచ్చుటక్షరముల రూపశిల్పియైన ఆమె భర్త ఖెరార్డును తాము కూర్చిన ఇంచుమించు 500 డచ్చి నగలను ఆంస్టర్‌డాము రైక్స్ మ్యూజియమునకు సమర్పించిరి. మార్యాన్ ఉంగర్ సేకరణలో ఒక విశేషము గలదు. ఆమెకు నగ యనగా శిల్పుల ప్రయోగమే కాదు. మామూలు జనులు ధరించునదియు నగయే. కావున ఇరువదవ శతాబ్దమున డచ్చివారి మెడలలో, చేతులలో నిజముగా ఏమేమి యుండెనో ఆ సేకరణము చెప్పుచున్నది.

వస్తువు మ్యూజియపు గడప దాటినంత మాత్రమున పని ముగియదు. ఆ వస్తువు అవసరమా, అట్టిది ముందే కలదా, దానిని కాపాడు స్తోమత కలదా యని పెద్దలు విచారింతురు. చేరిన యేటిని, వరుస సంఖ్యను బట్టి దానికొక గుర్తు నిచ్చి చిట్టాకెక్కింతురు. చేసినవారెవరు, ఏ యేట, ఏ పదార్థముతో, కొలత యెంత, ఎవరి చేతినుండి వచ్చినది, ఎట్లు ధరింపవలెను అను సంగతులన్నియు వ్రాసికొందురు. శిల్పి జీవించియుండగనే యడిగి తెలిసికొనుట సమకాలపు సేకరణమునకు గల గొప్ప మేలు. వేయియేండ్ల నాటి నగ నడుగలేము. నిన్నటి నగను చేసినవాని నడుగవచ్చును. బాకర్ చేసిన చేతిమీది గీత వంటిది నిలువదు గనుక, తీగతోపాటు ఛాయాపటమును భద్రపరుపవలసి వచ్చును.

బంగారమునకు చెద లేదు, చీడ లేదు. క్రొత్త పదార్థములట్లు కావు. రబ్బరు వెలుతురునకు, గాలికి పెళుసెక్కి పగులును. కొన్ని ప్లాస్టికులు జిడ్డు కారును. సెల్యులాయిడు తాను చెడుటయే గాక ప్రక్క వస్తువును చెరచును. ఈకలను పురుగు కొట్టును. కావున మసక వెలుతురున, తేమ హెచ్చుతగ్గులు లేని పెట్టెలలో, ఒకదానికొకటి సోకకుండ వీనిని దాతురు. క్యూంట్స్‌లి కంకణపు సంకటమును చూడుడు. అది ధరింపబడి అరిగినప్పుడు గాని దాని యర్థము నెరవేరదు, మ్యూజియములో ధరింపనీయరు. ధరింపకున్నను రబ్బరు తనంతట తాను పాతబడుచునే యుండును. కాపాడుటలో గూడ కొంత పోవునని ఆ కడియము మనకు చెప్పుచున్నది.

ఈ సేకరణలలో లోపములు లేకపోలేదు. సేకరించినవారి యిష్టమే తరువాతివారికి చరిత్రయై కూర్చుండును. ఐరోపా, అమెరికా శిల్పుల పనికే ఇందు పెద్దపీట. పేరు చెప్పుకొని ప్రదర్శనములకు పోవువారి నగ చేరును. పేరు తెలియని పల్లె కంసాలి పని చేరుట యరుదు. మెడలేని నగ అద్దపు పెట్టెలో సగము ప్రాణముతోనే యుండును. అయినను, లేనిదానికంటె సగము మేలు.

మన సంగతి యేమి? అమరావతి శిల్పములలో స్త్రీపురుషులు ధరించిన హారములను, కడియములను, కర్ణాభరణములను నేటికిని రాతిపై లెక్కింపవచ్చును. రాయి నిలిచినది; బంగారము కరగిపోయినది. కరగక మిగిలిన వానిలో ఒక జత అద్భుతమైనది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్ది నాటివని, బహుశా ఆంధ్రదేశమున చేసినవని పండితులు తలంచు బంగారు కర్ణాభరణములవి. రెక్కల సింహము, ఏనుగు వానిపై మలచబడినవి. అవి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నవి. 1981లో దానముగా అచటికి చేరినవి. వానిని చేసిన కంసాలి పేరు ఎవ్వరికిని తెలియదు. ఆనాడు ఒక్కరైన వ్రాసియుంచినచో అది రెండువేల యేండ్ల జ్ఞాపకమై యుండెడిది.

పెద్దలకు నేను చేయు మనవి చిన్నది. ఇంటి యవసరమునకు పాత నగను కరగింపవలదని చెప్పుట నాకు తగదు. కాని కంసాలి యింటికి పోవుటకు ముందు, ఆ నగను తెల్లకాగితముపై పరచి, చుట్టును గీత గీయుడు. ఇంటనున్న పిల్లవానిచేత ముందు వెనుకలు ఫొటో తీయింపుడు. ప్రక్కన కొలబద్ద నుంచుడు. దాని పేరు, బరువు, చేసిన కంసాలి, ధరించినవారు, ఏ శుభకార్యమునకు వచ్చినది, మీ ప్రాంతమున దానినేమందురు అను ముక్కలు నాలుగు వ్రాసి, తేదీ వేసి, ఊరి గ్రంథాలయమునందో పాఠశాలయందో ఒక ప్రతి నుంచుడు. ఒక్క యూరిలో ఇట్టి కాగితములు ఏబది చేరెనేని, ఏ మ్యూజియమునందును లేని సేకరణము అచట నున్నట్లే. మూస బంగారమును తీసికొనును. కాగితముపై గీచిన గీత మాత్రము మనుమరాలి చేతికి చేరును.